అజాన్ వేళ సౌండు

మసీదులో సాయంత్రం అజాన్ మొదలైనా ఆగమ్మ ఇంట్లో హోమ్ థియేటర్ మోగుతూనే ఉంది. ఆమె మోకాళ్లు పట్టుకుని లేచి, చేత్తో సౌండు తగ్గించింది.

"ఏంది సాగర్? దానంతటదే తగ్గుతదంటివి!"

నెల కింద ఆ వైర్‌లెస్ సిస్టమ్ బిగించి, ఇవాళ దానికి లైట్లు కూడా కలపడానికి వచ్చిన మెకానిక్ సాగర్ తల గోక్కున్నాడు. "ఆరున్నరకు టైం పెట్టిన పెద్దమ్మా. నెల రోజులు మంచిగనే తగ్గింది గదా."

"ఈ అజాన్ పొద్దు గుంకంగనే ఇస్తరు. పొద్దు రోజూ ఒక్కటే టైముకు గుంకుతదా బిడ్డా?"

అంతలో పక్కింటి హబీబా ఆయాసపడుతూ వచ్చింది. ఆగమ్మ సిగ్గుపడింది. "మాఫ్ చెయ్యి ఆపా, ఇయ్యాల తప్పయింది."

"సౌండుకు కాదు ఆగమ్మా! నీ కొడుకు డ్యూటీకి పోతే నువ్వొక్కదానివే ఉంటవ్. రోజూ అజాన్‌కు సౌండు తగ్గితే, లేచి తిరుగుతున్నవనుకుంట. ఇయ్యాల అజాన్ మొదలైనా తగ్గలే. కింద పడ్డవేమోనని ఉరికొచ్చిన."

ఆగమ్మ సాగర్ పెట్టిన సిస్టమ్ వైపు చూసింది. ఈ నెలంతా తగ్గించింది తను కాదు.

"ఏడాది అజాన్ టైములన్నీ ఎక్కిస్త పెద్దమ్మా, ఇగ తప్పదు," అన్నాడు సాగర్.

"వద్దు, తీసెయ్యి. నేనే లేస్త."

"మోకాళ్ల నొప్పులంటివి?"

"ఉండనీ. నేను కన్ను మూసినా అది రోజూ తగ్గిస్తనే ఉంటది. ఆపాకు ఎట్ల ఎరుకైతది బిడ్డా?"