దగ్గరి పేరు

“ఇది సరిగ్గా మీరు కొట్టిన పేరే చూపించాలని లేదు సార్. దానికి దగ్గరగా ఉండే పేర్లు గూడా చూపిస్తాది. నొక్కే ముందర ఊరు చూసుకోవల్ల,” అని కాంచన మళ్లీ చెప్పింది.

కార్యకర్తలు అన్న అనే అర్థంలో ‘అణ్ణన్’ అని పిలిచే సుందరరాజులు ఆమె చేతిలోంచి ఫోన్ లాక్కున్నాడు. “ఈ జనానికి దగ్గరి పేరు చాల్లేమ్మా. అణ్ణన్ మనల్ని గుర్తు పెట్టుకున్నాడని వాళ్లు అనుకుంటే సరిపోయె. ఎవుర్ని గుర్తు పెట్టుకున్నాడో యాడ చూస్తారు?”

కాంచన వేలూరులో చిన్న కంప్యూటర్ కంపెనీ నడిపే మనిషి. జిల్లాలోని పార్టీ సభ్యుల పేర్లు, ఇళ్లలో జరిగిన పెళ్లిళ్లు, కాన్పులు, చావులు ఎక్కించి ఈ ప్రోగ్రాం తయారుచేసింది ఆమే. రెండక్షరాలు కొడితే చాలు, పేర్లు వాటంతటవే కిందికి దిగుతాయి. ఆమె ఇంకేదో చెప్పబోతుండగా గుడియాత్తం పార్టీ ఆఫీసు ముందు కారు ఆగింది. సుందరరాజులు ఆమెను పక్క గదిలోకి పొమ్మని చెయ్యి విసిరాడు, ఈగను తోలినట్టు.

దిగిన మనిషి శంకరలింగం, చెన్నై నుంచి పార్టీ పంపిన పరిశీలకుడు. తమిళుడే అయినా తెలుగు బాగా తెలిసినవాడు. జిల్లా కార్యదర్శి పదవి ఎవరికన్నది ఆయన మాట మీద ఆధారపడి ఉంది. ఆయన చూడదలచింది ఒక్కటే, ఆ పదవి కోరుతున్న సుందరరాజులు తన కార్యకర్తలను ఎంత ఎరుగునని.

కార్యకర్తలు శాలువలు పట్టుకుని బారు తీరారు. వాకిట్లో ఆఫీసు మనిషి పాపన్ ఒక్కొక్కరి పేరు పిలిచి లోపలికి వదులుతున్నాడు. సుందరరాజులు శాలువల కుప్ప చాటున ఫోన్ పెట్టుకుని, పేరు చెవిన పడగానే బొటనవేలు ఆడిస్తున్నాడు.

“రాప్పా జయరాములూ. మేల్పాడిలో చెరుకు కొట్టేసినారా? కూతురికి మగబిడ్డంట గదా.”

జయరాములు శాలువ వెయ్యడం మరిచి నిలబడిపోయాడు. అణ్ణనుకు ఇంత జ్ఞాపకమా అని బయటికి పోయి పదిమందికి చెప్పుకున్నాడు. పరిశీలకుడు మెచ్చుకోలుగా తల ఆడించాడు. సుందరరాజులు నవ్వు ఆపుకున్నాడు. గొర్రెలు, మెడ నిమిరితే చాలు, అనుకున్నాడు. బారులో ఉన్న నేతగాళ్ల చొక్కాల గంజి వాసన ఆయనకు గిట్టదు. అయినా పరిశీలకుడు చూస్తున్నాడని ఒక్కొక్కరినీ గుండెకు హత్తుకున్నాడు.

“చౌడాంబ,” అని పాపన్ పిలిచాడు.

ముసలామె లోపలికి వచ్చింది. ఆమె వెనకే శాలువతో ఒక ముసలాయన. సుందరరాజులు ‘చౌ’ అని కొట్టి, పైన కనబడిన చౌడమ్మను నొక్కాడు. భర్త పోయిన నెలే పోయాడని ఉంది. ఆయనకు లోపల సంతోషమైంది. పరామర్శకు మించిన అవకాశం ఏముంటుంది?

అంతసేపూ కుర్చీలోంచే అందరినీ హత్తుకున్న సుందరరాజులు ఇప్పుడు లేచి నిలబడ్డాడు.

“అమ్మా చౌడమ్మా, నీ మొగం చూసేదానికి నాకు ధైర్యం చాల్లేదమ్మా. మీ ఆయన పోయినాడని విన్నప్పటినించి నాకు అన్నం దిగలా.”

“అది గాదు నాయనా...”

“నువ్వేమీ చెప్పొద్దమ్మా. నాకు తెలుసు.”

పరిశీలకుడి వైపు తిరిగి తమిళంలో అందుకున్నాడు. ఆ మనిషీ తనూ వానలో తడుస్తూ ఊరూరా జెండాలు కట్టిన సంగతి, ఒకే ఆకులో తిన్న సంగతి, చివరికి ఈ భుజంతోనే పాడె మోసిన సంగతి చెప్పాడు. మనిషిని నిజంగా పోగొట్టుకున్నవాళ్లకు మాటలు అంత వరుసగా రావు. సుందరరాజులుకు వచ్చాయి. ముసలామె నోరు తెరిచి అట్లాగే చూస్తూ ఉండిపోయింది. అది దుఃఖమేననుకుని వెనక ఎవరో ముక్కు చీదారు.

చెప్పి చెప్పి సుందరరాజులు తూలాడు. పక్కనున్న ముసలాయన భుజం మీద తల వాల్చి, ఆయన తెచ్చిన శాలువతోనే కళ్లు ఒత్తుకున్నాడు. ముసలాయన కదలకుండా ఆ బరువు మోశాడు.

శంకరలింగం కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. అక్కడికక్కడే చెన్నైకి ఫోన్ కలిపి, ఇంక చూడవలసిందేమీ లేదనీ, పోయిన కార్యకర్తను కూడా మరిచిపోని మనిషి ఇక్కడ ఉన్నాడనీ చెప్పడం మొదలుపెట్టాడు. శాలువ చాటున సుందరరాజులు పెదవులు విచ్చుకున్నాయి.

ముసలాయన ఒకసారి చౌడాంబ వైపు చూశాడు. తరువాత తన భుజం మీది తలను మెల్లగా పక్కకు జరిపి, మర్యాదగా చేతులు జోడించాడు.

“ఈమె మొగుణ్ణి నేనే నాయనా. నేను పోయి ఎన్నాళ్లయింది?”