రోజుకో తప్పు

“నాకు ఈ టీచరే కావాలి” అంది మనవరాలు, లాప్‌టాప్ మీద నుంచి తల తిప్పకుండా.

కళ్లజోడు తుడుచుకుంటున్న తాతయ్య అలాగే ఆగిపోయాడు.

ఆన్‌లైన్ టీచర్ కోసం కూతురు పొద్దుటి నుంచీ ఒక్కొక్కరి చేత ట్రయల్ క్లాసు పెట్టించి చూస్తోంది. మొదటి ఆయన తనలో తనే మాట్లాడుకుంటున్నాడని తాతయ్య కొట్టిపారేశాడు. రెండో అతను సబ్బులు అమ్మేవాడిలా నవ్వుతున్నాడన్నాడు. మూడో ఆవిడకి ఏం వంక పెట్టాలా అని వెతుక్కునేలోపే పిడుగు తీర్పు చెప్పేసింది. ఇంట్లో ఆ పిల్లని అందరూ పిలిచేది పిడుగనే.

“ఇన్నాళ్లూ నేను చెప్పట్లేదా లెక్కలు?” అన్నాడు తాతయ్య.

“నువ్వు చెప్పేది తప్పని కాదు నాన్నా. నీ పద్ధతిలో చేస్తే స్కూల్లో మార్కులు వేయట్లేదు” అంది కూతురు.

కలప అడితిలో దుంగలు కొలిచి, ఘనపుటడుగులు నోటిలెక్కన కట్టిన మనిషి ఆయన. ఆ లెక్కలకి మార్కులు పడవట! ఆ పూట ఆయనకి భోజనం సయించలేదు.

మర్నాటి నుంచి సాయంత్రమయ్యేసరికి పిడుగు ఇయర్‌ఫోన్లు పెట్టుకుని గదిలో కూర్చునేది. ఉన్నట్టుండి పకపకా నవ్వేది.

హాల్లో తాతయ్య పేపరు అడ్డం పెట్టుకుని ఆ నవ్వులు వింటూ ఉడికిపోయేవాడు. తన దగ్గరేమో ఆవులింతలు, అక్కడేమో నవ్వులు. దాని పేరు అసూయ అని ఎవరైనా అంటే ఆయన ఒప్పుకునేవాడు కాదు గానీ, అచ్చంగా అదే.

“తాతయ్యా, ఒక డౌటు” అంటూ వచ్చింది పిడుగు ఒకరోజు.

“నన్నెందుకు అడగడం? మీ టీచరమ్మ ఉందిగా” అని మొహం తిప్పుకున్నాడు.

పిల్ల చిన్నబుచ్చుకుని వెళ్లిపోయింది. ఆ తర్వాత ఎన్నిసార్లు పలకరించినా ఆయన ఊ అనలేదు, ఆ అనలేదు.

ఓ సాయంత్రం క్లాసు అవగానే పిల్ల మళ్లీ వచ్చి పక్కన నిలబడింది.

“తాతయ్యా, ఇది మా టీచర్ చేసిన లెక్క. ఎక్కడో తేడా కొడుతోంది. చూడవా?”

తేడా అన్న మాట చెవిన పడగానే ఆయనకి ప్రాణం లేచొచ్చింది. కాగితం లాక్కుని చూశాడు. మధ్యలో ఒకచోట ఏడెనిమిదులు యాభై నాలుగని వేసి ఉంది.

“ఎక్కాలు రాని మనిషి టీచరా!”

అలక అక్కడితో ఎగిరిపోయింది. ఆ రోజు నుంచి ఆయనకి అదే పని. ఒకసారి చుట్టుకొలత అడిగితే వైశాల్యం కట్టిందావిడ. ఇంకోసారి మూడింట రెండు వంతుల కంటే అయిదింట మూడు వంతులు పెద్దవని తేల్చింది. తప్పు పట్టాలంటే లెక్కంతా మొదటి నుంచీ చెయ్యాలి కదా. తాతా మనవరాలూ సోఫాలో ఒకరికొకరు ఆనుకుని కూర్చుని చేసేవాళ్లు. ఆవిడని తిట్టే వంకతో ఆయన స్కూలు పద్ధతి కూడా నేర్చేసుకున్నాడు. తప్పు దొరకగానే పిల్ల చప్పట్లు కొట్టేది.

అయినా ఆయనకి సంతోషం సగమే. అన్ని తప్పులు చేసినా సరే, సాయంత్రమయ్యేసరికి పిల్ల ముందు పరిగెత్తేది ఆవిడ దగ్గరికే. ఆ మిగతా సగం కూడా తనకే కావాలి.

పరీక్షలో పిడుగుకి మంచి మార్కులొచ్చాయి. ఇదే అదను అనుకున్నాడు తాతయ్య.

“అవి నా వల్ల వచ్చిన మార్కులు. ఆవిడ రోజుకో తప్పు చేస్తుంది, నేను కూర్చుని దిద్దుతున్నాను. కావాలంటే ఆవిడనే అడుగు” అన్నాడు కూతురితో.

పిల్ల స్కూలుకి వెళ్లాక కూతురు టీచర్‌కి ఫోన్ చేసింది.

“ఏమంది?” అన్నాడు ఆత్రంగా.

“తప్పులు చేస్తున్నారటగా అంటే, అవునండీ, చేశాను అంది. మీ నాన్నగారు అన్నీ పట్టుకున్నారా అని అడిగింది, నవ్వుతూ.”

“ఒక్కటీ వదల్లేదని చెప్పకపోయావా!”

“చెప్పాను. చాలా సంతోషం అంది. రేపటి నుంచి వద్దన్నాను. సరేనంది.”

“కాస్త సిగ్గయినా లేదు మనిషికి” అన్నాడు తాతయ్య.

పిల్లకి మాత్రం టీచరే మానేసిందని చెప్పారు. పిడుగు వెక్కి వెక్కి ఏడ్చింది. తాతయ్య దగ్గరికి తీసుకుని ఓదార్చాడు. ఓదారుస్తున్నంతసేపూ ఆయనకి లోలోపల గెలిచినట్టే ఉంది.

కొత్తగా ఒక మాస్టారు కుదిరాడు. పేరు పక్కన బోలెడు డిగ్రీలు. ఎక్కడా ఒక్క అంకె కూడా తప్పు పోదు. క్లాసు అవగానే పిడుగు పుస్తకం మూసేసి ఆటలకి వెళ్లిపోయేది. హాల్లో తాతయ్య పేపరు మడిచి పక్కన పెట్టి ఎదురుచూసేవాడు. ఆయన దగ్గరికి ఎవరూ వచ్చేవారు కాదు.

చివరికి ఉండబట్టలేక ఆయనే అడిగాడు.

“ఏమే పిడుగూ, ఈయన తప్పులేం చెయ్యట్లేదా?”

“ఈయన మన కోసం తప్పులు పెట్టరు తాతయ్యా.”

“పెట్టడమేంటే?”

పిల్ల నాలిక్కరుచుకుంది.

“నీకు చెప్పొద్దంది టీచర్. ఇప్పుడు మానేసిందిగా, చెప్పొచ్చులే. నువ్వు నాతో మాట్లాడట్లేదని ఒకరోజు టీచర్ దగ్గర ఏడ్చాను. అయితే రోజూ కావాలని ఒక తప్పు చేసి పెడతాను, ఎక్కడుందో నీక్కూడా చెప్పను, తీసుకెళ్లి మీ తాతయ్యతో కలిసి వెతుక్కో అంది.”

తాతయ్య మడిచిపెట్టిన పేపరు మళ్లీ విప్పి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. పిల్ల ఆగలేదు.

“నేనుండేది నాలుగు రోజులే, నీకెప్పటికీ ఉండే టీచరు మీ తాతయ్యే అని కూడా అనేది. అంత మంచి టీచరు నాకొక్క మాటైనా చెప్పకుండా ఎందుకు మానేసింది తాతయ్యా?”