పాత ఫోల్డర్

ఔలు ఊరంతా మంచులో ముడుచుకుని పడుకుంది. ఒంటరి ముసలివాళ్ళ కోసం నడిపే ఫోన్ కేంద్రంలో వైనో ఒక్కడే సర్వర్ ముందు కూర్చున్నాడు. రాత్రి వాళ్ళు వదిలిన సందేశాలు విని, పొద్దున్నే తిరిగి ఫోన్ చెయ్యడం అక్కడి పని. డిస్కు నిండిపోతోందని, క్రిస్మస్‌కు ముందు ఆ సందేశాల ఫోల్డర్‌ని కొత్త డిస్కు పార్టిషన్‌కి మార్చాడు. ఇక పాతది చెరిపెయ్యాలి.

"చెరిపే ముందు ఒక్క మాట," అంది ఫోన్‌లో సిర్కా, ఆ కేంద్రం నడిపే ఆవిడ. "ఆ రోజు రికార్డింగ్ ఆపాకే కాపీ చేశావుగా? లేకపోతే కొత్త సందేశాలు కూడా పాతదాంట్లోకే పోతుంటాయి."

ఆపలేదు. బద్ధకించాడు.

"ఆపాకే చేశాను సిర్కా," అన్నాడు. చెవులు వేడెక్కాయి.

"మంచిది. పండగ ముందు నుంచీ ఒక్కరూ సందేశం పెట్టట్లేదు. అందరూ హాయిగా ఉన్నట్టున్నారులే." ఫోన్ పెట్టేసింది.

వైనో పాత ఫోల్డర్ తెరిచాడు. మార్చిన రోజుతో ఆగిపోవాల్సిన సందేశాలు నిన్నటిదాకా వచ్చి పడి ఉన్నాయి. ఒక్కటీ ఎవరూ వినలేదు. సిగ్గుతో తల వాలిపోయింది.

చూస్తుండగానే అడుగున ఇంకోటి చేరింది. ఎవరైనా ఫోన్ చేస్తే వెలిగే లైన్ల దీపాల్లో మాత్రం ఒక్కటీ వెలగలేదు.

దాన్ని నొక్కాడు. చాలాసేపు ఊపిరి చప్పుడే. తర్వాత ఒక ముసలావిడ గొంతు, మెల్లగా:

"ఆపలేదు నాయనా. నేను మాట్లాడుతూనే ఉన్నాను."