నిమ్మచెట్టుకు కట్టిన ఫాదర్

“పరాయి మనిషి అస్థికలు గడప దాటి లోపలికి రాకూడదు. అంతే!” అంది శేషుకుమారి.

ఆమె భర్త ఉపేంద్ర అస్థికల డబ్బాని సంచీలో పెట్టి, పెరట్లో నిమ్మచెట్టుకు కట్టాడు.

డబ్బాలో ఉన్నది పక్కింటి తెల్లజాతి ముసలాయన, ఫాదర్ విల్‌ఫ్రెడ్. పిల్లా జెల్లా లేరు. ఆసుపత్రివాళ్లు దహనం జరిపించి, అడిగేవారు లేక ఉపేంద్ర చేతిలో పెట్టారు.

“నేను ఫాదర్‌గా పనిచేసిన పాత క్రైస్తవ మిషన్‌లో మా వాళ్ల మధ్య పెట్టు. వాళ్లు ఒప్పుకుంటేనే సుమా” అన్నాడాయన పోయేముందు.

“చర్చికి ఇచ్చేయొచ్చుగా?” అంది శేషుకుమారి.

“ఎప్పుడో వెళ్లగొట్టారట.”

“మీ ఆఫీసు కంప్యూటర్లు జనవరికి చస్తాయో బతుకుతాయో చూసుకోక, చచ్చినాయన్ని మోస్తారా?”

ఆస్ట్రేలియా వచ్చి ముప్పై ఏళ్లుగా పెర్త్‌లోనే ఉంటున్న డాక్టర్ ద్వారకానాథ్ అయితే నవ్వేశాడు. “మిషన్ ఫాదరా? వాళ్లు ఇక్కడి ఆదివాసుల నేల లాక్కున్నారు, తల్లుల ఒళ్లోంచి పిల్లల్నీ లాక్కున్నారు. ఒప్పుకుంటారటయ్యా? తరిమికొడతారు!”

“మాటిచ్చాను అంకుల్.”

పోయినవాడికిచ్చిన మాట వెనక్కి తీసుకోవడం ఎవరి తరం? ఆఫీసు కంప్యూటర్ల వైటూకే గోల అవతల పెట్టి, శనివారం పొద్దున్నే కారు తీశాడు.

మధ్యాహ్నానికి డబ్బాతో మిషన్ చేరాడు. రేకుల షెడ్డు నీడలో పదిమంది ఆదివాసులు కూర్చున్నారు. మధ్యలో ఉన్న ముసలామెను అందరూ ఆంటీ అనే పిలుస్తున్నారు. హమ్మయ్య, పిలుపు తెలిసిందే.

“ఆంటీ, ఒకాయన పోయారని చెప్పడానికొచ్చాను. ఫాదర్ విల్‌ఫ్రెడ్...”

“ఆ పేరెత్తకు!”

అందరూ మొహాలు తిప్పుకున్నారు. ఒకామె చెవులు మూసుకుంది. గోడమీది ఆయన ఫోటోకి ఇంకొకామె గుడ్డ కప్పేసింది.

అంకుల్ మాటే నిజమైంది. పాపం ముసలాయన, ఇక్కడా చోటు లేకపోయె!

“క్షమించండి. మీకింత కోపమని తెలియదు. వెనక్కి తీసుకుపోతాను.”

“కోపమా?” ముసలామె చెయ్యి చాపి డబ్బా అందుకుంది. “పోలీసులు పిల్లల్ని ఎత్తుకుపోవడానికి వస్తే, మమ్మల్ని చర్చిలో దాచి గుమ్మానికడ్డంగా పడుకున్నాడు. దానికేగా వెళ్లగొట్టారు!”

“మరి పేరెత్తొద్దన్నారు?”

ఆమె డబ్బాని ఒళ్లో పెట్టుకుంది. కళ్లు తుడుచుకుంది.

“తెల్లవాళ్లు పోతే పేరుపెట్టే చెప్పుకుంటాం బాబూ. పోయింది మా ఇంటి మనిషైతేనే, మేం పేరు పలకం.”