చుక్క రాలని కన్ను

తోడల్లుడు పైడిరాజు పేరు వింటేనే గౌరునాయుడికి ఒళ్లు మండుతోంది. ఇద్దరూ అరకులో ఒకే హోటల్లో గదులు తీసుకున్నారు, మామగారు పోవడంతో రద్దు చేసుకున్నారు. ఈ కాలంలో ఫోన్ మన ముఖం చూస్తుంది. దుఃఖం కనబడితేనే రద్దు రుసుము మాఫీ. అది వినియోగదారుడి హక్కట.

మామని ఏనాడూ పలకరించని పైడిరాజు బోరున ఏడ్చి పైసాతో సహా రాబట్టుకున్నాడు. ఆర్నెల్లు ఆయన మంచం పక్కనే ఉన్న గౌరునాయుడికి చుక్క రాలలేదు.

“ఏటన్నయ్యా, మావకోసం ఒక్క చుక్కయినా లేదేటి?” అన్నాడు పైడిరాజు, నవ్వు దాచుకుంటూ.

ఆ మాటకి గౌరునాయుడి కళ్లు నిండిపోయాయి. గబగబా ఫోన్ ముఖానికి పెట్టుకున్నాడు.

“ఇది దుఃఖం కాదండీ, కడుపుమంట,” అంది ఫోన్. “దీనికి మాఫీ లేదండీ.”

పదకొండు వేల ఆరువందల నలభై రూపాయలు పోయాయి.