గేటు దగ్గర తల్లులు

"ముందు మా పిల్ల చెయ్యి వదులు."

బడి గేటు ముందు రోజలీన్ అరిచిన అరుపుకి ఆకుపచ్చ కోటు వేసుకున్న నల్లజాతి ఆవిడ ఆగిపోయింది. ఆవిడ చేతిలో రోజలీన్ కూతురు షీలా చెయ్యి ఉంది. షీలాకి ఎనిమిదేళ్ళు.

ఆవిడ చెయ్యి వదిలింది, కోపం మాత్రం తెచ్చుకోలేదు. దాంతో రోజలీన్‌కి ఇంకా మండింది.

"మీరే పట్టుకోండమ్మా. తలుపు దాకా మాత్రం వదలకండి. ఆ మూల నిలబడ్డ కుర్రాళ్ళు మంచివాళ్ళు కారు."

"నా పిల్లని ఎలా చూసుకోవాలో నువ్వు చెప్పాలా నాకు?"

ఆ ఏడు బోస్టన్‌లో నల్లవాళ్ళ పిల్లలూ తెల్లవాళ్ళ పిల్లలూ కలిసి చదవాలని కోర్టు తీర్పు వచ్చింది. తెల్లవాళ్ళ పేట పిల్లలు కొందరు నల్లవాళ్ళ పేట బడికి, అక్కడి పిల్లలు ఇక్కడికి, బస్సుల్లో వెళ్ళి చదువుకోవాలి. కొండ మీద రోజలీన్ వాళ్ళుండే తెల్లవాళ్ళ పేట భగ్గుమంది. ఆడవాళ్ళంతా పిల్లల్ని బడి మాన్పించి, జపమాలలు పట్టుకుని రోడ్డెక్కారు. మేరీమాతకి జపం, బస్సులకి తిట్లు, రెండూ ఒకే నోటితో.

రోజలీన్ మొగుడు, ట్రాము నడిపే డెర్మట్ మాత్రం వినలేదు. "వాళ్ళ పిల్లలు ఇంత దూరం వస్తుంటే మన పిల్ల అటు వెళ్తే ఏం అరిగిపోతుంది? ఆ వీధుల్లో ఇన్నేళ్ళుగా ట్రాము నడుపుతున్నా, నన్నెవరూ కొరుక్కు తినలేదే" అన్నాడు. షీలాని తనే బస్సెక్కించాడు.

ఆ రోజు నుంచి మొగుడూ పెళ్ళాల మధ్య సరైన మాట లేదు. చివరికి రోజలీన్ ఒక షరతు పెట్టింది. పిల్ల ఒంటి మీద చెయ్యి పడితే ఆ మర్నాడే బడి మాన్పించేస్తుంది, డెర్మట్ నోరెత్తకూడదు. అతను సరేనన్నాడు.

ఆ చెయ్యి ఎప్పుడు పడుతుందా అని చూడ్డానికే ఇవాళ నల్లవాళ్ళ పేట బడి దాకా వచ్చింది.

షీలాని తలుపు దాకా దించి వచ్చేసరికి ఆవిడ ఇంకా గేటు దగ్గరే ఉంది.

"ఒక్క మాట అడగనా అమ్మా? మీ కొండ మీద బడి దగ్గర, పొద్దున బస్సులు వచ్చేవేళ... టీవీలో చూపించే, బస్సుల మీదికి ఎగబడే ఆ కుర్రాళ్ళేనా, తల్లులు కూడా వస్తారా?"

"ఎందుకు రాం? మా పేట తల్లులందరం గేటు దగ్గరే ఉంటాం. ఒక్కరోజు కూడా మానం."

రోజలీన్ బెదిరించినట్టే చెప్పింది. ఆవిడ ముఖం మాత్రం విచ్చుకుంది.

"చల్లని మాట చెప్పారమ్మా" అంది.

మతి లేని మనిషి అనుకుని వచ్చేసింది రోజలీన్.

పేటలో ఆమె బతుకు అంతకంతకూ నవ్వులపాలైంది. పక్కింటి పెగ్ అందరి ముందూ అడిగేసింది.

"ఏమే రోజలీన్, కూతుర్ని బస్సెక్కించి, నువ్వొచ్చి ఇక్కడ బస్సులు రాకూడదని జపం చేస్తే దేవుడు ఏ మాట వినాలే?"

ఆడవాళ్ళు పగలబడి నవ్వారు. రోజలీన్ తల కొట్టేసినట్టయింది.

శుక్రవారం బస్సులు కొండెక్కి వస్తుంటే ఆమె జపమాల ఎడమ చేతిలోకి మార్చుకుని రాయి తీసుకుంది. చిన్నప్పుడు బంతాటలో ఆమె గురి ఎలాంటిదో పేటంతా ఎరుగును. చివరి బస్సు వెనక కిటికీ అద్దం భళ్ళున పగిలింది. లోపల ఎవరో కేక పెట్టారు.

ఆడవాళ్ళు చప్పట్లు కొట్టారు. పెగ్ వచ్చి భుజం తట్టింది. ఆ తర్వాత రోజలీన్ కూతురి ఊసు ఎవరూ ఎత్తలేదు.

సోమవారం సాయంత్రం షీలా జడ ఊడిపోయి, మోచెయ్యి చీరుకుపోయి ఇంటికొచ్చింది. మూల మీది కుర్రాళ్ళు జుట్టు పట్టి లాగి కింద పడేశారట.

"ఆకుపచ్చ కోటు ఆంటీ ఇవాళ రాలేదమ్మా. ఆవిడుంటే వాళ్ళు నా జోలికి రారు" అంది వెక్కుతూ.

"రాదే. నాలుగు రోజులు మంచిదానిలా నటించింది, అయిపోయింది. వాళ్ళంతా అంతే."

డెర్మట్ కూతురి మోచెయ్యి కడిగాడు. ఇచ్చిన మాట ప్రకారం నోరెత్తలేదు.

మర్నాడు పిల్లని మాన్పించడానికి వెళ్ళింది రోజలీన్. గేటు దగ్గర ఆకుపచ్చ కోటు లేదు. పిల్లల్ని లోపలికి పంపుతున్న నల్లజాతి టీచరమ్మ ఎదురైంది.

"ఆ కోటావిడ ఏది? ముందు ఆవిణ్ణి నాలుగు దులిపి, తర్వాత మా పిల్లని తీసుకుపోతాను."

టీచరమ్మ ఆమెను కిందా మీదా చూసింది.

"ఒడెస్సానా? ఆవిడ ఆసుపత్రిలో ఉంది, కొడుకు దగ్గర. లియొనెల్ మీ కొండ మీది బడికే వెళ్తాడు. శుక్రవారం చివరి బస్సులో వెనక కూర్చున్నాడు. అద్దం ముక్క కంట్లో గుచ్చుకుంది. ఇక ఆ కంటికి చూపు రాదన్నారు."

రోజలీన్ కుడి చెయ్యి తనంత తనే కోటు జేబులోకి పోయింది.

"సొంత కొడుకు అక్కడ ఉంటే... ఇక్కడ మా పిల్లకి కాపలా ఎందుకు?"

"పిల్లల బస్సులో పెద్దవాళ్ళని ఎక్కనివ్వరు కదా. 'అక్కడ నా వాడికి ఏ తల్లో అడ్డు నిలబడాలంటే, ఇక్కడ ఆ తల్లి బిడ్డకి నేను అడ్డు నిలబడాలి' అనేది ఒడెస్సా. మీరొచ్చి వెళ్ళిన రోజు ఎంత సంబరపడిందో... 'అక్కడ గేటు దగ్గర తల్లులందరూ ఉంటారట, ఇక మా లియొనెల్‌కి భయం లేదు' అంది."