మిషన్ పండగ

"ఆన్ చెయ్యి."

"చెయ్యను సార్."

అట్టపెట్టెల కార్ఖానాలో మాటలన్నీ ఠక్కున ఆగిపోయాయి. పంచింగ్ మిషన్‌కి అడ్డంగా కత్తెరక్క చేతులు కట్టుకుని నిలబడింది. పదిహేనేళ్లుగా అట్టలు కోస్తోంది కాబట్టి ఆ పేరు. ఎదురుగా యజమాని అల్లుడు. మేనేజరు కుర్చీలో కూర్చుని ఇంకా మూడు నెలలు కాలేదు.

"దీపావళి స్వీటు పెట్టెలు సాయంత్రానికి లారీ ఎక్కాలి. తెలుసా?"

"తెలుసు."

"మరి? మళ్లీ ఆ కమ్మీ గోలేనా? పండగ ఆర్డర్ అయ్యాక చూద్దామన్నానా లేదా?"

ఆ కమ్మీ మిషన్ దవడల అంచున అడ్డంగా ఉంటుంది. అట్ట పెట్టే చెయ్యి పొరపాటున లోపల ఉండిపోతే కమ్మీకి తగులుతుంది, మిషన్ ఆగిపోతుంది. మూడు వారాలుగా ఆగడం లేదు. కత్తెరక్క అట్టముక్క పెట్టి చూసింది. రెండుసార్లు చెప్పింది. రెండుసార్లూ ఇదే జవాబు.

"కమ్మీ సంగతి నేనెత్తానా సార్? ఇవాళ ఆయుధపూజ. పనిముట్టుతో పని చేయించకూడదు."

అల్లుడు నవ్వాడు. "నెలకో పండగ వస్తుంది. ప్రతిదానికీ ఆపుతూ కూర్చుంటే కార్ఖానా మూసుకోవాల్సిందే."

"ప్రతిదానికీ ఎక్కడ ఆపాను? బ్రహ్మ సృష్టి మొదలుపెట్టిన రోజని ఉగాది చేసుకుంటారు. ఆ రోజు నడిపాను. వరాలిచ్చే లక్ష్మికి శ్రావణ శుక్రవారం పూజ చేస్తారు. ఆ రోజూ నడిపాను. విఘ్నాలు తీసేసే దేవుడి చవితి నాడు ఒక్క విఘ్నం రాకుండా నాలుగు వేల పెట్టెలు కోశాను. లోకం కోసం శివుడు విషం మింగాడని అందరూ జాగారం చేస్తుంటే నేనిక్కడ ఓవర్‌టైం చేశాను. అవన్నీ దేవుళ్ల పండగలు సార్. దేవుళ్లు ఓర్చుకుంటారు. ఇది మిషన్ పండగ. మిషన్ ఓర్చుకోదు."

జిగురు పూసే తాత కిసుక్కున నవ్వాడు. అల్లుడు అటు చూడగానే బ్రష్‌తో పాటు తన తల కూడా డబ్బాలో ముంచినంత పని చేశాడు.

"నాకు పురాణం చెప్పకు. జరుగు."

"పొద్దున మీ కారుకి దండ వేశారు, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించారు. నేను చూశాను. మీ కారు మనిషిని మోస్తుంది, అంతే. ఇది రోజంతా మనిషి చేతిని నోట్లో పెట్టుకుంటుంది. ముందు దేన్ని చూసుకోవాలి?"

అల్లుడి మొహం కందగడ్డలా మారింది. "రేపట్నుంచి నువ్వు రానక్కర్లేదు. జరుగు, నేనే నడుపుతా!"

కత్తెరక్క ఏప్రన్ విప్పింది. నాలుగు మడతలు పెట్టి అతని చేతిలో ఉంచింది. అంగుళం కూడా జరగలేదు.

"ఉద్యోగం తీసేసుకోండి సార్. మిషన్ మాత్రం ఇవ్వను."

జిగురు తాత బ్రష్ కింద పెట్టి వచ్చి ఆమె పక్కన నిలబడ్డాడు. పెట్టెలు మడిచే ఆడవాళ్లు నలుగురూ లేచారు.

"ఏమిటర్రా ఈ జాతర?"

గుమ్మంలో పెద్దాయన. కార్ఖానా ఆయనదే. చేతిలో పూజపళ్లెం, దాంట్లో పసుపు, కుంకుమ, కర్పూరం, ఒక అరటిపళ్ల అత్తం.

అల్లుడు గబగబా ఫిర్యాదు చేశాడు. పెద్దాయన అంతా విని కత్తెరక్క వైపు తిరిగాడు.

"ఏమంటావ్ అమ్మాయ్?"

"పాండవులు జమ్మిచెట్టు మీంచి ఆయుధాలు దించి, పూజ చేశాకే పట్టుకున్నారంటారు. పూజంటే బొట్టు పెట్టడమొక్కటే కాదు కదండీ. విప్పాలి, తుడవాలి, ఎక్కడ ఏం పాడైందో చూసుకోవాలి. ముందు దీనికి నైవేద్యం పెట్టనివ్వండి. అప్పుడు మీరేం చెప్తే అది."

పళ్లెంలోంచి అరటిపళ్లు తీసుకుంది. ఐదు పళ్లు. వాటిని అట్ట పెట్టే చోట, కమ్మీకి ఆనేలా ఉంచింది.

"ఆన్ చెయ్యమన్నారుగా సార్. ఇప్పుడు చెయ్యండి."

అల్లుడి చెయ్యి స్విచ్ దాకా వెళ్లి అక్కడే ఆగింది.

"అదేమిటి? ఇందాకట్నుంచీ దానికోసమేగా మీ గొడవ?" అంటూ పెద్దాయన తనే స్విచ్ నొక్కాడు.

దవడలు మూసుకున్నాయి. ఎక్కడా ఆగలేదు. మళ్లీ తెరుచుకునేసరికి ఐదు పళ్లూ మధ్యకి తెగి పడి ఉన్నాయి. అక్కడున్న ఎవరికీ అవి పళ్లలా కనిపించలేదు.

పెద్దాయన మిషన్ ఆపాడు. మెయిన్ తీసేశాడు. వంగి, కమ్మీ వెనక వేలు పెట్టి తడిమాడు. దాన్ని కదలనివ్వకుండా ఇనుప తీగ నాలుగు చుట్లు చుట్టి ఉంది.

"ఎవరు కట్టారిది?"

అందరూ ఒక్కవైపే చూశారు.

"మాటిమాటికీ ఆగిపోతుంటే పెట్టెలు తగ్గుతున్నాయని..." అల్లుడు నీళ్లు నమిలాడు.

"అల్లుడుగారూ, ఆ ఏప్రన్ ఆమెకి ఇచ్చెయ్యండి. మెకానిక్ వచ్చి సరిచేసేదాకా దీని జోలికి ఎవరూ పోవద్దు. లారీవాడికి మీరే ఫోన్ చేసి చెప్పండి." పెద్దాయన అగ్గిపెట్టె తీశాడు. "తాతా, నువ్వు హారతివ్వు."

అల్లుడు ఏప్రన్ అందించాడు. ఊరుకోలేక పళ్ల సందునుంచి గొణిగాడు.

"అన్ని పండగల శాస్త్రమూ నాలిక చివరే ఉంది. మీ నాన్నేమన్నా పూజారా?"

కత్తెరక్క ఏప్రన్ కట్టుకుంటూ, ఏ పండగ పెట్టెకి ఆ పండగ విశేషం అచ్చేసి ఉన్న మూతల దొంతరని చూపించింది.

"పదిహేనేళ్లుగా అవి చదువుతూనే కోస్తున్నాను సార్. మా నాన్న చర్చిలో గంట కొట్టేవాడు."